జోడద్దాల మేడలో ఆఖరి మర

అక్కడ పైడికోన రాజధానిలో యువరాజు భద్రకేతుడు వేటకు వెళ్ళాడనుకొని మంత్రులు నిశ్చింతగా తాంబూలం నములుతూ ఉండగా, ఇక్కడ ఆ యువరాజు మొహానికి మసి పూసుకొని, మోకాళ్ళకు చాలని పంచె కట్టుకొని, భుజాన ఇనప సామాను సంచీ వేలాడేసుకొని ధవళదుర్గం సింహద్వారం ముందు గజగజ వణుకుతూ నిలబడ్డాడు. వణుకు మాత్రం వేషంలో భాగం కాదు. ఆ కోట మంచుకొండ నెత్తిమీద ఉంది మరి.

అతను వచ్చింది అక్క కోసం. పైడికోనను ఏలే రాణి మేదినీదేవి, ధవళదుర్గం ప్రభువు తుషారవర్మ పిలిస్తే వసంతోత్సవానికని వెళ్ళి తిరిగి రాలేదు. దారిలో మంచుచరియ విరిగిపడి కన్నుమూసిందని కబురు వచ్చింది. కబురే వచ్చింది గాని శవం రాలేదు, పల్లకీ రాలేదు, మోసిన బోయీల్లో ఒక్కడూ రాలేదు. మంత్రులు నమ్మారు, పురోహితులు నమ్మారు, భద్రకేతుడు నమ్మలేదు. తల్లి పోయిన ఏడు వరదొచ్చి అంతఃపురం మునిగితే, ఆ అక్కే పసివాణ్ణి చీరకొంగుతో వీపుకు కట్టుకొని ఈది ఒడ్డు చేర్చింది. అంతటి మనిషిని పిడికెడు మంచు మింగిందంటే అతనికి మింగుడుపడలేదు.

ధవళదుర్గంలోకి పరాయివాణ్ణి రానివ్వరు. ఒక్క బీగాలవాణ్ణి తప్ప. మేడలో తలుపులు, కిటికీలు చెడితే బాగుచేసే దిక్కు లేదట. అది విని భద్రకేతుడు కొండ దిగువన గవరయ్య అనే ముసలి బీగాలవాడి కొలిమి దగ్గర చేరి, ఆకురాయి పట్టడం, అరిగిన మడతబందు సరిచేయడం, మరమేకులు తిప్పి బిగించడం, బిగుసుకున్న గడియకు ఆముదం పట్టించడం నేర్చుకున్నాడు. బయలుదేరిన పొద్దున ముసలాయన వెనకాలే పరుగెత్తుకొచ్చి, "బాబూ, ఆగండి! ఆఖరి మర సంగతి సెప్పనేదు!" అని అరిచాడు. "వచ్చాక వింటాలే తాతా!" అని మన రాజకుమారుడు గుర్రాన్ని అదిలించాడు. రాజకుమారులకు చెవులు లేకపోలేదు, గుర్రమెక్కాక అవి పనిచెయ్యవు.

సింహద్వారం దగ్గర కావలి నాయకుడు కంకుడు అతని మొహంలోకి వంగి చూశాడు. పేరడిగాడు. సిద్దన్న అన్నాడు. ఊరడిగాడు. చెప్పాడు. అరచెయ్యి చూపించమన్నాడు. చూపించక తప్పలేదు.

"ఇది కత్తి పట్టిన చెయ్యిరా" అన్నాడు కంకుడు, కళ్ళు చిన్నవి చేసి.

"కత్తులకు సాన పట్టిన చెయ్యి బాబయ్యా. తాళాలకు పని లేనప్పుడు కడుపు ఊరుకోదు కదా" అన్నాడు భద్రకేతుడు.

కంకుడు నవ్వలేదు. కత్తి మొనతో ద్వారం మీది ఇత్తడి సింహాన్ని చూపించాడు. ఆ సింహం నోరు తెరుచుకొని ఉంది. తాళంకన్ను దాని గొంతులో ఉంది. "చెయ్యి పెట్టి తెరువు. బీగాలవాడివైతే తెరుచుకుంటుంది. కాకపోతే చెయ్యి ఇక్కడే వదిలిపెట్టి పో" అన్నాడు. చుట్టూ ఉన్న భటులు వేడుక చూడ్డానికి దగ్గరికి జరిగారు.

భద్రకేతుడు చెయ్యి పెట్టలేదు. చెవి పెట్టాడు. సింహం దవడను వేలితో కాస్త కదిపితే కుడివైపు కీచుమంది, ఎడమవైపు మూగగా ఉంది. చప్పుడు చేసేది తుప్పుపట్టిన బందు, చప్పుడు చెయ్యనిదే కొరికే బందు. ఎడమ దవడ కింద ఆకురాయిని నిలువుగా ఊతం పెట్టి, అప్పుడు చెయ్యి దూర్చి, వంపు చువ్వతో లోపలి నాలుకను వెతికాడు. నాలుక తగిలింది. పక్కకు నొక్కాడు. గడియ ఊడింది, అదే క్షణంలో దవడలు ఠపీమని మూసుకున్నాయి. ఆకురాయి కర్రపిడి పుటుక్కున విరిగి నేల మీద పడింది. చెయ్యి మాత్రం అప్పటికే సంచీలో ఉంది.

"ఓసి నీ..." అని కంకుడు గొణిగి, సంచీలోని పనిముట్లన్నీ నేల మీద పరిపించి, ఒక తాడు తీసి పనిముట్టుకొక ముడి చొప్పున వేశాడు. "ఈ కోటలో మాకంటూ పనిముట్టనేది ఉండదు. ప్రభువువారి ఆజ్ఞ. నువ్వు పోయేటప్పుడు ఒక్కో పనిముట్టూ చూసి ఒక్కో ముడీ విప్పుతాం" అన్నాడు. ఆ తాడును గోడ కొయ్యకు తగిలించాడు. ఆ గోడకు అలాంటి తాళ్ళు చాలా వేలాడుతున్నాయి. అన్నిటికీ ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కటైనా విప్పిన తాడు లేదు.

అది చూసి కూడా భద్రకేతుడు వెనక్కి తిరగలేదు.

ధవళదుర్గపు మేడ గురించి చెప్పాలంటే కంటికి నోరుండాలి. పాలరాతి స్తంభాలు, పచ్చల పొదుగుల పలకలు, మంచుపూల అల్లికల పైకప్పు, అడుగడుగునా వెండి దీపవృక్షాలు ఒక ఎత్తు, ఆ కిటికీలు ఒక ఎత్తు. ఒక్కొక్క రెక్కకు ఒకటి కాదు రెండద్దాలు. లోపల ఒకటి, వెలుపల ఒకటి, నడుమ బెత్తెడు ఖాళీ, అంచుల చుట్టూ ఎర్రలక్కతో బిగింపు. ఆ నడుమ చిక్కిన గాలి లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు, బయటి చలిని లోపలికి రానివ్వదు. వెలుపల మంచుగాలి గోలపెడుతున్నా మేడలో జాజితీగ పూస్తోంది. కాని ప్రతి కిటికీ రెండద్దాల నడుమా తెల్లటి ఆవిరి పట్టి ఉంది.

"దయచేయుము, శిల్పీ" అని తియ్యని గొంతు వినిపించింది. తుషారవర్మ ఎదురొచ్చాడు. మొహం పాతికేళ్ళవాడిది. నడక అంతకంటే కుర్రవాడిది. కాని ఎడమ కంటి కింద ఒక్క ముడత, ఎవరి మొహం నుంచో తెచ్చి అతికించినట్టు ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని వేలితో తడుముకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కాబోలు.

"దూరం నుంచి అలసి వచ్చితివి. ముందు ఈ పాలు సేవించుము" అని బంగారు గిన్నె అందించాడు.

పనివాడికి ప్రభువు తన చేత్తో పాలివ్వడం ఏ దేశపు ఆచారం? భద్రకేతుడు గిన్నె అందుకొని, దండం పెడుతున్నట్టు వంగి, పాలు పక్కనున్న జాజికుండీలో ఒంపి మూతి తుడుచుకున్నాడు. మరుక్షణం జాజి ఆకులు బిర్రబిగిశాయి. పచ్చదనం పోయి అద్దంలా పారదర్శకమయ్యాయి. ఒక ఆకు తెగి నేల మీద 'ఠింగు'మని పడింది. భద్రకేతుడు గబుక్కున సంచీ జారవిడిచి, ఆ ఇనప చప్పుడులో ఈ చప్పుడును కలిపేశాడు.

తుషారవర్మ చూశాడో లేదో తెలియదు. పడమటి మండపంలోని పెద్ద కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "దీని పిడి విరిగినది. పై మడతబందు అరిగి రెక్క కిందికి జారినది. మూలన లక్క బీటవారి గాలి కారిపోవుచున్నది. సూర్యుడు ఈ కిటికీలోనికి తొంగిచూచులోగా పని ముగియవలెను. ఎండ సోకిన లోపలి తేమ ఆరిపోవును."

"తేమ ఆరితే అద్దానికి మంచిదే కదండి?"

ఆ తియ్యటి గొంతు ఒక్కసారిగా చల్లబడింది. "చెప్పిన పని చేయుము. ముగిసినంతనే నన్ను పిలువుము. ముగింపు నా చేతిమీదుగా జరుగవలెను." ఆ మాటని గుమ్మం బయట భటులను నిలబెట్టి, "సన్నెమ్మా, వీనిని కనిపెట్టి ఉండుము" అని వెళ్ళిపోయాడు.

సన్నెమ్మ అద్దాలు తుడిచే ముసలి దాసి. తడిగుడ్డ ఒళ్ళో వేసుకొని గోడకు చేరగిలబడి, రెప్ప వెయ్యకుండా అతన్నే చూడసాగింది. వేగుల ముసలిది, అనుకున్నాడు భద్రకేతుడు.

విరిగిన పిడి విప్పి చూశాడు. తెగినచోట తుప్పు లేదు, లోహం మెరుస్తోంది. అరిగి విరిగింది కాదది, ఎవరో రాయి పెట్టి కొట్టి విరగ్గొట్టారు. ఎవరు? ఎందుకు? కొంపదీసి తనలాంటివాణ్ణి రప్పించి పట్టుకోవడానికేనా? పక్కకు చూశాడు. ముసలిది చటుక్కున చూపు తిప్పుకొంది.

"ఏటి నాయనా, ఆకురాయి అలగ గుప్పిట బిగించి పట్టుకుంటారా ఎక్కడైనా?" అంది ఉన్నట్టుండి. "కత్తి పట్టినట్టుంది గాని పని పట్టినట్టు లేదు."

"పిడి విరిగిపోయింది అవ్వా. మీ వాకిట్లో సింహం కొరికేసింది."

"ఊఁ" అంది ముసలిది. నమ్మినట్టు లేదు.

భద్రకేతుడు గుడ్డతో అద్దం తుడిచాడు, ఆవిరి పోలేదు. రెక్క జారినచోట పడిన సందులోంచి చెయ్యి చాచి వెలుపలి అద్దం కూడా తుడిచాడు. పోలేదు. ఆవిరి రెండిటి నడుమ ఉంది. ఊరికే పట్టి ఉండటం కాదు, చిక్కబడుతోంది, పలచబడుతోంది. ఊపిరి తీసుకుంటున్న పిల్లవాడి పొట్టలా. లక్క బీటవారిన మూలన సన్నటి ఈల వినబడుతోంది. ఆ ఈలతో పాటే ఆవిరి తరిగిపోతోంది.

అతను అద్దానికి మొహం దగ్గరగా పెట్టాడు. అప్పుడు ఆవిరిలో ఒక గీత కదిలింది. ఎత్తకుండా గీసిన ఒకే ఒక్క గీత. పొట్ట, వీపు, మెలి తిరిగి తోక. చేప!

చేపకు కన్ను లేదు.

భద్రకేతుడి చేతిలోని సుత్తి జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి గంజి తాగనని మారాం చేస్తే, అక్క కంచు చెంబు మీద హా అని ఊపిరి వదిలి వేలితో చేపను గీసేది. 'కన్ను నువ్వు పెట్టాలిరా తమ్ముడూ. కన్ను పెట్టకపోతే చేప ఈదదు' అనేది. కన్ను పెట్టడానికి నోరు తెరిస్తే గంజి పోసేది. లోకంలో ఈ సంగతి ఇద్దరికే తెలుసు.

"అక్కా!" అన్నాడు. ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. సుత్తి ఎత్తి అద్దం మీదికి విసరబోయాడు.

ముసలి చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు ఎముకలు కలుక్కుమన్నాయి.

"వదులు! మీ దొర ఉప్పు తిన్న నీకు..."

"అరవకు, బయట ఇంటారు! పగలగొట్టేవంటే నీ అక్క నీళ్ళసుక్కలయి రాలిపోద్ది. నా పెనిమిటి అలగే పోనాడు. ఈ కిటికీలు సేసినోడు ఆడే. పనయ్యాక ఆడినీ లోపలెట్టేసాడు దొర. నాకు తెలీక రోకలి తెచ్చి నానే కొట్టాను బాబూ. ఈ సేతుల్తోనే." ముసలిది చేతులు చూపించింది.

భద్రకేతుడు సుత్తి దించాడు గాని అనుమానం దించలేదు. ఏడుపు ఎవరైనా ఏడవగలరు. "మరి ఆ దొర కొలువులోనే ఎందుకున్నావు?"

"కొలువొదిలితే ఈల్లని కనిపెట్టేదెవరు? పిడి ఎవరిరగ్గొట్టేరనుకున్నావు? పనిముట్టు ఉన్నోడొకడు లోపలికి రావాలని నానే కొట్టేను. అయితే నిన్నెలగ నమ్మడం? పోయినసారి వచ్చిన బీగాలోడు దొర పంపిన వేగులోడు. నువ్వు పని ఎవరికాడ నేర్సుకున్నావో సెప్పు."

"కొండ కింద గవరయ్య దగ్గర."

"గవరయ్య కొలిమికాడ తలుపు ఎటేపు తెరుసుకుంటది?"

"తలుపే లేదు. ఊరి తలుపులన్నీ బాగుచేసే ఆయన కొలిమికి గోనెపట్టా కట్టుకున్నాడు."

ముసలిది నోరు నొక్కుకొని, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. "ఆడు నా మరిదే! ఇప్పటికీ గోనేనా!" ఆ తరవాత గొంతు తగ్గించి గబగబా చెప్పింది. ఈ కిటికీలు మంత్రించినవి. తన యజమాని చెయ్యి పడితే తప్ప తెరుచుకోవు. తుషారవర్మ లోపలివాళ్ళ ఊపిరి తాగి పడుచువాడుగా బతుకుతున్నాడు. మనిషిని చిలకగా మార్చగలిగిన ఆ మాయలమారికి జారిన బందు ఒకటి ఎత్తి నిలబెట్టడం చేతకాదు. అందుకే బీగాలవాళ్ళు కావలసివచ్చారు. వాళ్ళకిచ్చే పాలు తీగను క్షణంలో బిగించినా మనిషిని మెల్లగా బిగిస్తాయి, పని ముగిసేవేళకు తాగినవాడే అద్దమైపోతాడు. "ఇంకోమాట ఇనుకో. నడుమ సోటు కాళీగా ఉండదు. లోపలున్నోలు బయటికొస్తే, తీసినోలు లోపలికెల్లాల. ముందు ఊపిరి పోకుండా మూల బిగించు. నాను లక్కకి నిప్పులట్టుకొస్తాను. తెరిసే సంగతి నా కొగ్గెయ్."

సన్నెమ్మ నిప్పుల పెంకు తెచ్చిచ్చి, మిగతా నిప్పులు దీపాలకని భటులకు చూపించడానికి మళ్ళీ బయటికి వెళ్ళింది. బీగాలవాడికి ఆఖరి మర సంగతి వేరే చెప్పాలని ఆమెకు తోచలేదు. చేప పిల్లకు ఈత నేర్పుతామా?

ఎండ కిటికీ కింది గడప మీదికి వచ్చింది.

భద్రకేతుడు ప్రాణం పెట్టి పనిచేశాడు. రెక్క కింద చెక్క చీలికలు దూర్చి పైకెత్తాడు. పై మడతబందు మరలు ఒక్కొక్కటే విప్పి, అరిగినచోట రాగిరేకు మడిచి పెట్టాడు. రెక్క నిలువుగా లేచి చట్రంలో కూర్చుంది. బీటవారిన మూలన వేడి లక్క పోసి బొటనవేలితో అదిమాడు. వేలు కాలింది, అదిమిన వేలు తియ్యలేదు. ఈల ఆగిపోయింది. అద్దాల నడుమ ఆవిరి మెల్లగా చిక్కబడింది. కొత్త పిడి బిగించాడు. మర ఉలితో ఒక్కో మరనూ తిప్పుకుంటూ వచ్చాడు. వదులుగా ఒక్కటి కూడా ఉండకూడదని, ఉన్న బలమంతా ఉపయోగించి ఆఖరి మరను కూడా దాని తల పిడి రేకులో మునిగేదాకా బిగించాడు.

సన్నెమ్మ తిరిగొచ్చి కిటికీ వంక చూసి కొయ్యబారిపోయింది.

"ఆఖరి మర ఏది?"

"బిగించేశాను."

"నువ్వే బిగించేసావా? ఓలమ్మో! ఆఖరి మర ఇంటోడిదిరా నాయనా! బీగాలోడు అది ఒగ్గేసి ఇంటోడి సేత తిప్పిస్తాడు. ఎవుడు తిప్పితే తలుపు ఆడిది. అదే మా కులం ఆచారం, ఆ ఆచారం మీదే కట్టేడు దొర ఈ మంత్రవంతా. నాను తిప్పి, నాను తెరిసి, నాను లోపలికెల్దావనుకున్నాను! ముసిలి ప్రాణం, ఉంటే ఎంత పోతే ఎంత! ఇప్పుడు కిటికీ నీదయిపోనాది!"

"విప్పి మళ్ళీ..." అని భద్రకేతుడు మర ఉలి ఎత్తేలోపు వెనకనుంచి ఒక్క చప్పట చరిచిన చప్పుడు వినబడింది.

"బహుబాగు" అన్నాడు తుషారవర్మ. చెయ్యి చాచుకుంటూ వచ్చాడు. "ఇటు తెమ్ము ఆ ఉలి. ఆఖరి మర..." అంటూ పిడి చుట్టూ వెతికాడు. బిగించకుండా ఒక్క మర కూడా మిగిలి లేదు. చాచిన చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది. ఆ చెయ్యి మీద నరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చర్మం ముడుచుకుంది. ముడత మణికట్టు దాటి మోచెయ్యి ఎక్కింది. అతను దాన్ని చూసి, కిటికీని చూసి, భద్రకేతుడి మొహంలోకి చూశాడు.

"నీవు బీగాలవాడవు కావు" అన్నాడు మెల్లగా. "బీగాలవాడు చచ్చినను ఈ తప్పు చేయడు. ఎవడవు నీవు? కంకా! పట్టుకొనుడు వీనిని!"

కంకుడూ భటులూ దూసుకొచ్చారు. ఎండ అద్దం అడుగంచు తాకింది. తాకినచోట ఆవిరి తెల్లటి అంచు కరగడం మొదలుపెట్టింది. మళ్ళీ మర విప్పి, ఇంకొకరి చేత తిప్పించేంత వ్యవధి లేదు.

"వద్దు బాబూ, తెరవకు! నువ్వెల్లిపోతావు లోపలికి!" అని సన్నెమ్మ అరిచింది.

"తెలుసు అవ్వా" అని భద్రకేతుడు పిడి మీద చెయ్యి వేశాడు. యజమాని చెయ్యి తగలగానే పిడి చప్పుడు లేకుండా తిరిగింది. రెక్క తెరుచుకొంది. లోపలి అద్దం పొరలా విడివడింది, చల్లటి ఆవిరి బుస్సున పొంగింది. ఆవిరిలోంచి ముందు చెయ్యి, చేతి వెనక మంచుముద్దలు పట్టిన జడ, జడ వెనక మేదినీదేవి. తమ్ముడి చెయ్యి ఆమె చెయ్యిని పట్టి లాగింది. ఆమె పాదం నేలకు తగిలిందో లేదో ఇతని పాదం నేలను వదిలింది. ఒక్క క్షణం ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా వచ్చాయి. ఆమెకు అతనెవరో పోల్చుకునేంత వ్యవధి కూడా దొరకలేదు. రెక్క ఠక్కున మూసుకుంది.

మేడ అంతా తుషారవర్మ కేకతో దద్దరిల్లింది. ఆ కిటికీ ఊపిరి తెగింది. పొంగిన ఆవిరి చాటున, భటుల కంటపడకుండా అతని మొహం వడలిపోయింది. నడుం వంగింది, పళ్ళు రాలాయి, వంద చలికాలాల ముసలితనం ఒక్కసారిగా మీదపడింది. "పట్టుకోండిరా దాన్ని!" అన్నాడు బోసినోటితో.

కంకుడు కత్తి అతని మెడ మీద పెట్టాడు. "ఎవడ్రా నువ్వు? ప్రభువువారేరీ?"

"నేనేరా మూర్ఖుడా!"

"మొహం చూడనిదే కన్నతండ్రినైనా నమ్మొద్దని మా ప్రభువు ఆజ్ఞ. నీ మొహం మా ప్రభువుది కాదు" అన్నాడు కంకుడు. తాను పెంచిన అనుమానమే తన పీక పట్టుకుంటే తుషారవర్మ లబోదిబోమన్నాడు. భటులు ఆ ముసలివాణ్ణి చుట్టుముట్టారు. అతను వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి పక్క కిటికీ వైపు దేకసాగాడు. అందులోనూ ఆవిరి ఉంది.

మేదినీదేవి మోకాళ్ళ మీద లేచింది. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఎవరు? నన్ను లాగినదెవరు?" అంది.

సన్నెమ్మ కిటికీ చూపించింది. రెండద్దాల నడుమ కొత్త ఆవిరి ఊపిరి పోసుకుంటోంది. మేదినీదేవి పాకుతూ వెళ్ళింది. వణికే పెదవులతో బయటి నుంచి అద్దం మీద హా అని ఊపిరి వదిలింది. వేలితో ఒకే ఒక్క గీత గీసింది. పొట్ట, వీపు, తోక. ఆగి చూసింది.

అవతలివైపు నుంచి, ఆవిరిలో, సరిగ్గా తల ఉండవలసినచోట, చిన్న చుక్క పడింది.

"తమ్ముడూ!" అని ఆమె గొంతు చించుకొని అరిచింది. అద్దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. "ఎవరు చెప్పారురా నీకు రమ్మని! చదువు చదివింది ఇందుకా! ఈ చలిలో నీకెవడు కప్పుతాడురా!" అని తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. అప్పుడు కళ్ళు తుడుచుకొని రాణి అయింది. "అవ్వా, దీన్ని తెరిచే దారి?"

"ఆఖరి మర విప్పి నువ్వు బిగించాల తల్లీ. అప్పుడు కిటికీ నీది."

"పనిముట్టు?"

సన్నెమ్మ సంచీ కుమ్మరించింది. సుత్తి ఉంది, పట్టకారు ఉంది, పిడి లేని ఆకురాయి ఉంది. మర ఉలి లేదు. "అది ఆ బాబు సేతిలోనే లోపలికెల్లిపోనాది. ఈ కోటలో ఇంకోటుండదు. కొండ కింద మా మరిది గవరయ్యకాడ ఉంటది."

ఎండ అద్దం మీదికి ఇంకాస్త పాకింది. తమ్ముడు కాల్చుకొని అదిమిన లక్క బొటనవేలి ముద్రతో సహా బిగిసి ఉంది, ఆ మూలనుంచి గాలి చుక్క కారడం లేదు. కాని ఎండను లక్క ఆపదు. పక్క కిటికీ దగ్గర ముసలిగొంతు మంత్రం గొణుగుతోంది. "ప్రభువువారి గొంతులా ఉందే" అని ఒక భటుడు అనుమానంగా అంటున్నాడు.

మేదినీదేవి సుత్తి అందుకొంది. మరల జోలికి పోలేదు. ఆకురాయి మొనను మడతబందు శీల కింద పెట్టి కొట్టింది. పైది ఊడింది. కిందిది ఊడింది. ఇద్దరాడవాళ్ళూ రెక్కను బందుల వైపునుంచి లాగితే గడియ నాలుక దానంతటదే జారి వచ్చేసింది. మంచుగాలి భోరున మండపంలోకి దూకి దీపాలన్నీ ఆర్పేసింది. ఆ ఖాళీలోంచి కనబడేది తెల్లటి వాలు ఒక్కటే. దానికి అడుగెక్కడో కనబడదు.

"చీర కొంగు ఇలా ఇవ్వు అవ్వా" అంది మేదినీదేవి. లోపలి అద్దం వైపును తన వీపుకు ఆనించి, ఎండకు తన నీడ అడ్డుపడేలా చూసుకొని, కిటికీరెక్కను వీపుకు కట్టుకొంది. ముడి రెండుసార్లు లాగి చూసుకొంది. వెనక భటుల కేకలు, ఆ కేకల మీదుగా ఇప్పుడు మళ్ళీ పడుచుబడుతున్న ఒక తియ్యని గొంతు.

"గట్టిగా పట్టుకోరా" అంది, పట్టుకోవడానికి చేతులు లేవని తెలిసి కూడా. సన్నెమ్మ నడుం చుట్టూ ఒక చెయ్యి వేసి, గడప మీద కాలు పెట్టి, మంచు వాలులోకి దూకింది.